17 శాతం తేమ గీత ఢిల్లీలో గీస్తే ఆలమూరు ధాన్యం ఎలా ఆరుతుంది?

ఆలమూరు_రైతు
నాలుగెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. స్వర్ణ వరి వేశాను. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అప్పటికి చేను కంకి మీద ఉంది. సగం పడిపోయింది. మిగిలినది లేపి కట్టి, నీళ్లు తీసి, మిషన్ పెట్టి కోయించాను. మూడు రోజులు రోడ్డు మీద ఆరబోసి, నేనూ మా ఆవిడా రాత్రిళ్లు అక్కడే కాపలా పడుకున్నాం. ఆర్‌ఎస్‌కేలో (రైతు సేవా కేంద్రంలో) తేమ మిషన్ పెడితే 19.4 చూపించింది. 17 దాటితే తీసుకోం అన్నారు. మళ్లీ ఆరబెట్టే ఓపిక లేక మిల్లుకి తోలితే 75 కిలోల బస్తాకి ఐదు కిలోలు తరుగు తీశారు. 2025-26కి మద్దతు ధర క్వింటాలు 2,369. అంటే బస్తాకి 118 రూపాయలు పోయినట్టు. వంద బస్తాలకి పదకొండు వేల పైమాట.

ఆర్‌ఎస్‌కేలో కుర్రాణ్ణి అడిగితే "నా చేతిలో ఏం లేదండి, పైనుంచి" అన్నాడు. మండలంలో అడిగాను, పైనుంచే. జిల్లాలో అడిగినా పైనుంచే. చివరికి ఆ పైన ఢిల్లీ అని తేలింది. నా ప్రశ్న ఒకటే. గోదారి గాలిలో, డిసెంబరు మంచులో నా ధాన్యం ఎంత ఆరుతుందో ఢిల్లీలో ఉన్నవాళ్లు ఎందుకు చెప్పాలి? వ్యవసాయం రాష్ట్రం సబ్జెక్టు అని చిన్నప్పుడు బళ్లో చదివాను కదా.

పెరవలి_పెద్దకాలువ
మాది 18.6. తిప్పి పంపారు. పొద్దున తొమ్మిదైనా మంచు విడవడం లేదు, ఎక్కడ ఆరబెట్టమంటారు.

మిల్లు_లెక్కలు
మిల్లరు వైపు నుంచి కూడా వినండి. 17 అనేది ఊరికే పెట్టిన అంకె కాదు. తేమ ఎక్కువున్న ధాన్యం గుట్టేస్తే లోపల వేడెక్కుతుంది, బియ్యం పసుపు తిరుగుతుంది. మేం క్వింటాలు ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం ప్రభుత్వానికి లెక్క చెప్పాలి. తడి ధాన్యం ఆడితే 67 రాదు, నూక పోతుంది. ఆ 67 కూడా కేంద్రం పెట్టిందే. తగ్గితే నా జేబులోంచి కట్టాలి. అందుకే తరుగు తీస్తారు. ఐదు కిలోలు తీయడం న్యాయమని నేను అనను.

ఆలమూరు_రైతు
@మిల్లు_లెక్కలు తేమ ఎక్కువైతే పాడవుతుందని రైతుకి తెలియదా అండి. మా తాత పన్ను కింద గింజ పెట్టి కొరికి చెప్పేవాడు ఆరిందో లేదో. నా గొడవ ఆ అంకె ఎవరు పెట్టారు, తుఫాను వచ్చిన ఏడు దాన్ని ఎవరు మారుస్తారు అనే.

తణుకు_వకీలు
ఆలమూరు గారి ప్రశ్నకి జవాబు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

వ్యవసాయం రాష్ట్ర జాబితా 14వ అంశం, నిజమే. కానీ పంట గట్టు దాటి కళ్లానికి వచ్చిన దగ్గర్నుంచి అది ఆహార పదార్థం అయిపోతుంది. ఆహార పదార్థాల వ్యాపారం, సరఫరా ఉమ్మడి జాబితా 33. 1954లో మూడో సవరణ చేసి దీన్ని అక్కడ గట్టిగా పాతారు. ధరల నియంత్రణ ఉమ్మడి 34. విదేశీ వ్యాపారం పూర్తిగా కేంద్రానిది, కేంద్ర జాబితా 41. ఉమ్మడి జాబితాలో కేంద్రం, రాష్ట్రం ఇద్దరూ చట్టం చేసి అవి ఢీకొంటే మామూలుగా కేంద్ర చట్టమే నిలబడుతుంది. అంటే విత్తనం చల్లేటప్పుడు మీరు రాష్ట్ర రైతు, అమ్మేటప్పుడు కేంద్ర రైతు. 2020లో తెచ్చిన మూడు సాగు చట్టాలకి కూడా ఆ 33వ అంశమే ఆధారంగా చూపారు. దాదాపు ఏడాది రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చుంటే 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు.

తేమ సంగతి. కేంద్రం డబ్బుతో కొనే ధాన్యానికి కేంద్ర ఆహార శాఖ దేశమంతటికీ ఒకే నాణ్యతా ప్రమాణాలు పెడుతుంది. వాటిని సడలించాలంటే రాష్ట్రం ఉత్తరం రాయాలి, కేంద్ర బృందం రావాలి, నమూనాలు తీసుకెళ్లాలి, ఆ తర్వాత ఆర్డరు. కావేరీ డెల్టా వాళ్లు 22 శాతం దాకా ఒప్పుకోండని ఏళ్లుగా అడుగుతున్నారు. 2022లో 19 దాకా ఇచ్చారు. కాబట్టి అసాధ్యం కాదు. ఆలస్యం అంతే. ఆ ఆలస్యంలోనే రైతు అమ్మేసుకుంటాడు.

పెరవలి_పెద్దకాలువ
"విత్తనం చల్లేటప్పుడు రాష్ట్ర రైతు, అమ్మేటప్పుడు కేంద్ర రైతు". ఇది మా రచ్చబండ మీద రాయించాలి వకీలు గారూ.

కాకినాడ_బార్జి
విదేశీ వ్యాపారం మాట వచ్చింది కాబట్టి నా కథ. మా నాన్న, నేను యాంకరేజ్ పోర్టులో పని. బియ్యం బస్తాలు బార్జీ ఎక్కి, అక్కణ్ణుంచి సముద్రంలో నిలబడ్డ ఓడకి వెళ్తాయి. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి ఆపేశారు, తెల్ల బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. 2023 జూలై 20న తెల్ల బియ్యం ఎగుమతే ఆపేశారు. రాత్రి వచ్చిన కాగితం, పొద్దున్నుంచి అమలు. ఏడాది పైగా, 2024 సెప్టెంబరు ఆఖరు దాకా అదే పరిస్థితి. హమాలీలకి వారంలో రెండు రోజులు కూడా పని లేదు. దేశంలో ధరలు పెరగకూడదని చేశామన్నారు. సరే, పట్నంలో కొనుక్కునేవాడికి మేలు జరిగింది. దానికి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? డెల్టా రైతు, కాకినాడ హమాలీ. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు, పోయిన కూలికి ఒక్క రూపాయి ఇవ్వలేదు.

భీమవరం_చెరువు
మీరంతా కేంద్రాన్ని తిడుతున్నారు. నాది రొయ్యల చెరువు. 2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేసింది. మా కౌంటు ధరలు ఎలా పడ్డాయో చెరువున్న ప్రతివాడికీ తెలుసు. వాషింగ్టన్‌తో భీమవరం ఎమ్మెల్యే మాట్లాడతాడా? రాష్ట్రం మాట్లాడుతుందా? అక్కడ కూర్చుని బేరం ఆడటానికి పెద్ద ప్రభుత్వం ఒకటి కావాలి. బలమైన కేంద్రం వద్దంటే నేను ఒప్పుకోను.

కాకినాడ_బార్జి
అన్నా, వద్దని ఎవరన్నారు. మన తరఫున బేరం ఆడేవాడు ముందు మనల్ని ఒక మాట అడగాలి కదా అంటున్నాను.

రిటైర్డ్_మాస్టారు_అమలాపురం
నాకు 71 ఏళ్లు. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ఈ అపనమ్మకం కొత్తది కాదు. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నరు తీసేశాడు. మెజారిటీ ఉన్న ముఖ్యమంత్రిని రాజ్‌భవన్‌లో ఒక సంతకంతో ఇంటికి పంపించారు. నేను అప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరాను. మా ఊళ్లో కాంగ్రెస్‌కి ఓటేసిన ముసలాళ్లు కూడా రోడ్డు మీదకి వచ్చారు. పార్టీ కోసం కాదు. "మా ఓటు ఢిల్లీవాళ్లు ఎలా చింపుతారు" అన్నదే వాళ్ల మాట. సరిగ్గా నెలకి, సెప్టెంబరు 16న, మళ్లీ ఆయన్నే కూర్చోబెట్టాల్సి వచ్చింది. 1994లో బొమ్మై కేసు తీర్పు వచ్చాక మెజారిటీ సభలోనే తేలాలి అన్నది స్థిరపడింది. ఆ తీర్పుకి పదేళ్ల ముందే మన జనం ఆ మాట రోడ్డు మీద చెప్పారు.

రెండోది 2014. జనవరి 30న మన అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభలో పాసైంది. ఆ కాసేపు టీవీలో ప్రసారం ఆగిపోయింది. మా వీధి అరుగు మీద యాభై మందిమి ఖాళీ తెరని చూస్తూ కూర్చున్నాం. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం అసెంబ్లీ అభిప్రాయం అడగాలి, పాటించక్కర్లేదు. తెలంగాణ వాళ్ల అరవై ఏళ్ల కోరిక న్యాయమైనదే, దాన్ని నేను తప్పుపట్టను. వాళ్లకీ తమ మాట వినని సర్కారు మీదే కోపం. నాకు నొప్పి కలిగించింది పద్ధతి. రెండు రోజులకి రాజ్యసభలో ప్రధాని ప్రత్యేక హోదా ఐదేళ్లు ఇస్తామన్నారు. 2016 సెప్టెంబరులో హోదా బదులు ప్యాకేజీ అన్నారు. సభలో నిలబడి ప్రధాని చెప్పిన మాటే నిలబడకపోతే, ఆర్‌ఎస్‌కే గోడ మీద అంటించిన కాగితాన్ని రైతు ఎలా నమ్మాలి?

కౌలు_బతుకు
మాస్టారూ, మీ మాట గౌరవిస్తాను. కానీ నాకు ఢిల్లీ కంటే దగ్గరున్న ప్రభుత్వం అంటేనే ఎక్కువ భయం.

నేను పూర్తిగా కౌలుదారుణ్ణి, ఎస్సీని. పీఎం కిసాన్ ఆరు వేలు భూమి పేరున్నవాడికే. నాకు రాదు, అది కేంద్రం తప్పు. సరే. 2019లో రాష్ట్రం పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. మా ఆసామి పెడతాడా? "సంతకం అడిగితే వచ్చే ఏడు చేను ఇవ్వను" అన్నాడు. కార్డు లేక ధాన్యం ఆయన పేరు మీదే అమ్మాలి, డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది, ఆయన దయతలచి ఇవ్వాలి. ఈ తాళం రాష్ట్రమే వేసింది, ఢిల్లీ కాదు.

ఇంకో మాట. 1985లో కారంచేడు, 1991లో చుండూరు దళితుల ఊచకోతలు. ఆ రోజుల్లో మా వాళ్లకి ఊళ్లో దిక్కెవరు? పక్క వీధివాళ్లే చంపితే స్టేషన్‌లో ఉన్నది వాళ్ల మనుషులే. 1989 అట్రాసిటీ చట్టం ఢిల్లీలో చేసింది. దూరంగా ఉండబట్టే ఆ చట్టానికి ఊరి మొహమాటం లేదు. "అధికారం కిందికి రావాలి" అని అందరూ అంటుంటే, కిందికి అంటే ఎవరి చేతిలోకి అని నేను అడుగుతాను.

ఆలమూరు_రైతు
తమ్ముడూ, ఈ కోణం నాకు తట్టలేదు. నేనూ మూడెకరాలు కౌలుకి చేస్తాను గానీ మా ఆసామి మా పెదనాన్న కొడుకు, సంతకం పెట్టాడు. చుట్టం కాబట్టి నాకు అయింది. నువ్వు చెప్పింది నిజం.

లంక_పిల్ల
కౌలు_బతుకు గారు రాసిన దానికి నాది కలుపుతాను. 2022 మే 24న జిల్లా పేరు గొడవలో అమలాపురం తగలబడింది. ఆ తర్వాత రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. తగలబెట్టినవాళ్లని పట్టుకోవాలి, ఒప్పుకుంటాను. కానీ ఏ తప్పూ చేయని జిల్లా అంతా ఎందుకు శిక్ష అనుభవించాలి? నేను అప్పుడు ఇంటి నుంచి పని చేస్తున్నాను, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. రోజూ పొద్దున్నే నాన్న బండి మీద ఎదుర్లంక వంతెన దాటించి యానాంలో దింపేవాడు. ఒక తెలిసినవాళ్ల వరండాలో కూర్చుని పని చేసేదాన్ని. టెన్షన్‌తో రెండు కిలోలు తగ్గాను.

రూలు కేంద్రానిది (అప్పట్లో 2017 టెలికాం నిలిపివేత నియమాలు), ఆర్డరు రాష్ట్రానిది. 2020 జనవరిలో కశ్మీర్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి ఆర్డర్లు ప్రచురించాలి, అవసరం మేరకే ఉండాలి, మధ్యలో సమీక్షించాలి అంది. మా ఊళ్లో ఆ ఆర్డరు కాగితం చూసినవాళ్లు ఒక్కరు కూడా నాకు కనపడలేదు. అధికారానికి హద్దు కాగితం మీద ఉంటే చాలదు, ఆ కాగితం మన కంట పడాలి.

యానాం_వాసి
లంక పిల్లా, ఆ రోజుల్లో మా వీధిలో ప్రతి అరుగు మీదా ఒక ల్యాప్‌టాప్ ఉండేదమ్మా. కాఫీలు పెట్టి పెట్టి మా ఆవిడకి కోనసీమ మొత్తం పరిచయమైపోయింది.

మీరు కేంద్రం కేంద్రం అంటున్నారు, మేం నేరుగా కేంద్ర పాలిత ప్రాంతంలో ఉన్నాం. ముప్పై చదరపు కిలోమీటర్ల ఊరు, చుట్టూ ఆంధ్రా. మా అసెంబ్లీ ఎక్కడో పుదుచ్చేరిలో. అక్కడ మాకున్నది ఒక్క ఎమ్మెల్యే. 2016 నుంచి 2021 దాకా లెఫ్టినెంట్ గవర్నరుకీ ముఖ్యమంత్రికీ పడక ఫైళ్లు అటూ ఇటూ తిరిగాయి. బియ్యం ఇవ్వాలా, బియ్యానికి డబ్బు ఖాతాలో వేయాలా అని వాళ్లు కోర్టుల దాకా వెళ్తే మా అమ్మ సంచి పట్టుకుని రేషన్ షాపు చుట్టూ తిరిగింది. ఓటేసిన మనిషి చేతిలో సంతకం లేదు, సంతకం ఉన్న మనిషికి మేం ఓటేయలేదు. మీ గవర్నరు ఎప్పుడో ఒకసారి అడ్డం పడతాడు. మా దగ్గర అది రోజువారీ సంగతి.

పెట్రోలు మాత్రం మా దగ్గర చవక, అందుకే మీరంతా వస్తారు. దానికి కారణం పన్ను మావాళ్లు తక్కువ వేయడం.

తణుకు_వకీలు
పెట్రోలు అన్నారు కాబట్టి ఒక ముక్క. కేంద్రం పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకి పంచాలని 2021-26కి 15వ ఆర్థిక సంఘం చెప్పింది, అందులో ఆంధ్రాకి 4.047 శాతం. వినడానికి బాగుంది. కానీ సెస్సులు, సర్‌ఛార్జీలు ఆ పంచే మొత్తంలోకి రావు. పెట్రోలు మీద కేంద్రం వేసే దాంట్లో ఎక్కువ భాగం సెస్సులు, సర్‌ఛార్జీల రూపంలోనే ఉంది. చేను దున్నే ట్రాక్టరు డీజిలు మీద కట్టేదీ అంతే. జీఎస్టీ మండలిలో కేంద్రం ఓటు విలువ మూడో వంతు, నిర్ణయానికి ముప్పావు మెజారిటీ కావాలి. లెక్క వేసుకోండి, కేంద్రం కాదంటే ఏదీ పాసవదు.

రాజోలు_కొబ్బరితోట
గ్యాసు గురించి ఎవరూ రాయలేదేంటి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలి 65 రోజులు మండింది. నాకు తొమ్మిదేళ్లు. మా ఇంటికి నాలుగు మైళ్లు. రాత్రి దీపం అక్కర్లేకుండా వీధిలో గోళీలు ఆడాం, పెద్దవాళ్లు ఏడుస్తుంటే. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో పైపులైను పేలింది. నిద్రలోనే కాలిపోయారు. చమురు, సహజవాయువు కేంద్ర జాబితా. నేల మీద తీస్తే రాయల్టీ రాష్ట్రానికి కొంత వస్తుంది. సముద్రంలో తీస్తే 297వ అధికరణం ప్రకారం మొత్తం కేంద్రానిదే. పైపు మాత్రం మా దొడ్డి వెనక నుంచి వెళ్తుంది. పైపు పాతబడిందా, ఎప్పుడు పరీక్షించారు అని పంచాయతీ అడిగితే జవాబు చెప్పాల్సిన పని ఎవరికీ లేదు. నాకు డబ్బు వాటా కంటే ఆ జవాబు ముఖ్యం.

పెరవలి_పెద్దకాలువ
నగరం అంటే మామిడికుదురు మండలం నగరం. సిటీ అనుకుంటారేమో బయటివాళ్లు.

మాజీ_సర్పంచి
పంచాయతీ మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నా. 73వ సవరణలో 29 విషయాలు పంచాయతీలకి అప్పగించవచ్చని రాశారు. "అప్పగించవచ్చు", అంతే. ఏ రాష్ట్రం మనస్ఫూర్తిగా ఇచ్చింది? 15వ ఆర్థిక సంఘం నిధులు నేరుగా పంచాయతీకి వస్తాయి కదా అని సంబరపడ్డాం. మా ఖాతాలో పడ్డ డబ్బు కరెంటు బకాయిల కింద రాష్ట్రం సర్దేసుకుంది. రాష్ట్రమంతా సర్పంచులు ధర్నాలు చేశారు, నేనూ కూర్చున్నాను. డ్రెయిన్‌లో గుర్రపుడెక్క తీయించడానికి నా సొంత డబ్బు పెట్టాను. ఢిల్లీ మాకు ఇవ్వట్లేదని రాష్ట్రం అంటుంది. అదే రాష్ట్రం ఊరి చేతిలోది లాక్కుంది.

భూమి హక్కుల చట్టం గుర్తుందా? 2023 అక్టోబరు ఆఖర్న అమల్లోకి తెచ్చారు, 2024లో రద్దు చేశారు. భూమి ఎవరిదో సివిల్ కోర్టు బదులు ఒక అధికారి తేలుస్తాడంటే ఊరూరా జనం వణికిపోయారు. ఆ నమూనా ఢిల్లీలో నీతి ఆయోగ్ తయారు చేసింది, ఇక్కడివాళ్లు దాన్ని ఇంకా బిగించారు. 22ఎ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) పొరపాటున పడ్డ సర్వే నంబరు తీయించుకోవడానికి మా ఊరాయన మూడేళ్లు తిరిగాడు. ఆడపిల్ల పెళ్లి ఆగింది.

భీమవరం_చెరువు
సర్పంచి గారు చెప్పింది చదివాక నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. బయటివాళ్లతో బేరానికి పెద్ద సర్కారు కావాలి. లోపల డ్రెయిన్ తవ్వడానికి వద్దు.

మిల్లు_లెక్కలు
అయితే ధవళేశ్వరం ఎవరు కట్టారు? ఊళ్లు కలిసి కట్టాయా? 1847లో మొదలై 1852కి పూర్తయింది, కాటన్ దొర మద్రాసు, లండన్ పెద్దలతో పోట్లాడి కట్టించాడు. 175 గేట్ల కొత్త బ్యారేజీ కూడా సర్కారే. పెద్ద అధికారం లేకపోతే ఈ పది లక్షల ఎకరాలకి నీళ్లెక్కడివి?

పోలవరం_ముంపు
కట్టడం సరే, దాని కింద మునిగేవాళ్ల సంగతి? మాది దేవీపట్నం మండలం. 2014లో విభజన చట్టం 90వ సెక్షన్ కింద పోలవరం జాతీయ ప్రాజెక్టు అయింది. ఏడు మండలాలు ఇటు కలిపారు, ఆ ఊళ్లవాళ్లని అడగలేదు. 2016లో కట్టే పని రాష్ట్రానికి ఇచ్చారు. 2024 ఆగస్టులో కేంద్రం మిగిలిన డబ్బు 12,157 కోట్లు 41.15 మీటర్ల దాకానే అంది. పూర్తి ఎత్తు 45.72. ఆ రెండు గీతల మధ్య ఊళ్లు ఇటూ కావు అటూ కావు. 2022 జూలై వరదలో కొండ మీద టార్పాలిన్ కింద పన్నెండు రోజులున్నాం. డబ్బు ఢిల్లీ ఇవ్వలేదని రాష్ట్రం, లెక్కలు రాష్ట్రం పంపలేదని ఢిల్లీ. మీకు నీళ్లు రావాలి, నాకు తెలుసు, డెల్టాలో మా చుట్టాలున్నారు. మా ఊరు మీకు గుర్తుండాలి, అంతే అడుగుతున్నా.

రిటైర్డ్_మాస్టారు_అమలాపురం
అమ్మా/అయ్యా, ఎవరో తెలియదు గానీ మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను.

తణుకు_వకీలు
మళ్లీ ఆలమూరు గారి ధాన్యం దగ్గరికి వస్తాను. ఆచరణలో ఒక దారి ఉంది. సడలింపు అడగాల్సింది రాష్ట్రం. ఉత్తరం వెళ్లిందా, ఎప్పుడు వెళ్లింది, జవాబు ఏమొచ్చింది అనేది సమాచార హక్కు కింద జిల్లా పౌరసరఫరాల ఆఫీసులో అడగండి. 30 రోజుల్లో చెప్పాలి. దాంతోపాటు గ్రామసభ తీర్మానం పెట్టించండి: తుఫాను వచ్చిన ఏడు కోస్తా మండలాల్లో తేమ హద్దు కలెక్టరు స్థాయిలో రెండు శాతం దాకా మార్చుకునే వీలుండాలి, ఏ రోజు ఏ అంకె అమల్లో ఉందో ఆర్‌ఎస్‌కే గోడ మీద రాయాలి. తీర్మానంలో కౌలుదార్ల మాట కూడా రాయండి, యజమాని సంతకం లేకుండా సాగు ధ్రువీకరించే పద్ధతి కావాలని.

కౌలు_బతుకు
ఆ చివరి వాక్యం గ్రామసభలో చదవనిస్తారా వకీలు గారూ?

ఆలమూరు_రైతు
మా ఊళ్లో నేను చదువుతాను. నువ్వు పక్కన నిలబడు చాలు. మీది ఏ ఊరు?

కౌలు_బతుకు
కొత్తపేట పక్కన. ఆదివారం వస్తాను.

మాజీ_సర్పంచి
తీర్మానం పుస్తకంలో సంఖ్య వేయించి సెక్రటరీ సంతకంతో నకలు తీసుకోండి. నకలు లేకపోతే ఆ తీర్మానం జరగనట్టే.

మిల్లు_లెక్కలు
ఆలమూరు గారూ, తరుగు కింద ఎంత తీశారో కాటా చీటీలో రాసిచ్చారా? ఇవ్వకపోతే అడిగి రాయించుకోండి, అది అడిగే హక్కు మీకుంది. మావాళ్లకి నేను చెప్తాను.

ఆలమూరు_రైతు
చీటీలో నికర తూకమే ఉంది, తరుగు రాయలేదు. రేపు వెళ్తాను. ఇంకా అరవై బస్తాలు ఇంట్లో ఉన్నాయి, ఇవాళ ఎండ బాగా కాసింది.

పెరవలి_పెద్దకాలువ
రావులపాలెం వైపు ఎవరికైనా బరకాలు కావాలా? నావి రెండు ఖాళీ అయ్యాయి. మావి 16.8కి దిగాయి, పొద్దున తోలేశాను.